బూరా రికార్డులో తెలుగు మాట

నేను ఉద్యోగానికి రేపల్లె వెళ్లింది అరవైల చివర్లో, వానలు పట్టిన రోజుల్లో. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా వేశారు. పుట్టి పెరిగింది బాపట్లలో. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న కూడా పోయాక, మేమున్న అద్దె ఇల్లు ఖాళీ చేసి తెనాలిలో అన్నయ్య దగ్గరకు చేరాను. అన్నయ్య రైసుమిల్లులో గుమాస్తా. రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు. వదిన మంచిదే, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ పడుకునే వేళకి నా చాప ఎక్కడ వెయ్యాలా అని అందరూ ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసేవాళ్లు. ఆ క్షణం నాకు ప్రతిరోజూ తెలిసేది. పెళ్లి మాటలు ఒకటి రెండు చోట్ల నుంచి వచ్చి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రేపల్లెలో వేశారని తెలిసినప్పుడు అన్నయ్య, "దూరమేం కాదులేవే. ఇక్కడెక్కితే అక్కడే దిగుతావు. ఆదివారం ఆదివారం వచ్చేయొచ్చు" అన్నాడు. దూరమైతేనే బాగుండునని నా మనసులో ఉంది.

స్కూలుకి కాస్త ఎడంగా, సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక పెంకుటిల్లులో ముందు గది, వంటకి ఒక వసారా అద్దెకు దొరికాయి. ఇంటాయన ఓడల్లో పనిచేసి వచ్చినవాడు. నిజాంపట్నం వైపు పడవలవాళ్ల కుటుంబం. చిన్న వయసులోనే మద్రాసు వెళ్లి సరుకు ఓడ ఎక్కి, ఇంజను గదిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడట. పెళ్లి చేసుకోలేదు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు ఉండేవి. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచి నడిచేవాడు. ఇల్లంతా నడిపేది ఆయన అక్క. ఆవిడకు చిన్నప్పుడే భర్త పోయాడు. చెవులు సరిగా వినబడవు కాబట్టి ఎదుటివాళ్లకీ వినబడదన్నట్టు గట్టిగా మాట్లాడేది. వెళ్లిన రోజే నన్ను నిలబెట్టి, "మమ్మల్ని ఓనరుగారూ గీనరుగారూ అనబాకమ్మా. వాణ్ణి బాబాయ్ అను, నన్ను అత్తయ్య అను. అయిపోయింది" అని తేల్చేసింది.

అలా అనటం మొదలుపెట్టాను గానీ, మొదటి నెలల్లో వాళ్లతో నాకు మాటలు తక్కువే. స్కూల్లోనూ అంతే. మిగతా టీచర్లంతా సంసారాలున్నవాళ్లు. చివరి గంట కొట్టగానే కూరగాయలనీ, పిల్లలనీ గబగబా వెళ్లిపోయేవాళ్లు. నేను మెల్లిగా నడిచి గదికి వచ్చి, ఒక్కదానికి కాస్త బియ్యం పడేసుకుని, పిల్లల పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఒక్కోసారి స్కూల్లో నోరు మూస్తే, మళ్లీ విప్పేది మర్నాడు స్కూల్లోనే.

నా గదికీ వాళ్ల గదికీ మధ్య గోడ దూలం దాకా లేదు. మనిషెత్తు కంటే కొంచెం ఎక్కువ లేచి ఆగిపోయింది. అందువల్ల అటు చెంబు కింద పెట్టినా ఇటు వినబడేది. దీపాలు పెట్టే వేళకి అటునుంచి ఒక రికార్డు మొదలయ్యేది.

మొదటిరోజు నేను రోడ్డు మీద పెళ్లి బ్యాండు పోతోందనుకున్నాను. కాదు, ఇంట్లోనే. ముందు ఎవరో ఒక మనిషి పరాయి భాషలో నాలుగు ముక్కలు చెప్పేవాడు. బోలెడు మంది చప్పట్లు కొట్టేవాళ్లు. తర్వాత ఏదో లావు తీగల వాద్యం లోపల్లోపల నడిచేది. దాని మీద బూరా లేచేది. మా వైపు పెళ్లిళ్లలో బూరా అంటే ఊరంతా తలుపులు తీసి చూడాలని ఊదేది. ఇది అట్లా లేదు. ఒక మాట మొదలుపెట్టి, మనసు మార్చుకుని ఆపేసి, మళ్లీ ఇంకోలా మొదలుపెడుతున్నట్టు ఉండేది. నాకు అర్థమయ్యేది కాదు. బాగుందనీ చెప్పలేను. కానీ మధ్యమధ్యలో ఆ జనం ఉన్నారు చూడండి, వాళ్ల కోసం వినేదాన్ని. ఎవరో దగ్గేవాళ్లు. ఎవరో కుర్చీ జరిపేవాళ్లు. ఎక్కడో చల్లటి దేశంలో నిండిన హాలు ఒకటి ప్రతి సాయంత్రం గోడ మీదుగా నా గదిలోకి వచ్చేది. లెక్కలు దిద్దుతూ వాళ్లతోపాటు నేనూ కూర్చున్నట్టు ఉండేది.

కొన్ని రోజులయ్యాక ఒక సంగతి గమనించాను. ఒక పాటలో బూరా చాలా పైకి వెళ్లి, అక్కడే ఒకే స్వరం మీద ఆగిపోతుంది. ఊపిరి తీసుకోకుండా అలా సాగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడు, "ఓర్నాయనో!" అని ఒక గొంతు వినబడేది. ఆ వెంటనే జనం నవ్వు.

బాబాయిగారు అంటున్నాడనుకున్నాను. రోజూ వినే పాటకి రోజూ అంత ఆశ్చర్యపోతాడా అని నాకు నవ్వు కూడా వచ్చింది. అయితే ఒక సాయంత్రం నేను పెరట్లో బావి దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. ఆయన పక్కనే కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. అత్తయ్యగారు అరుగు మీద మజ్జిగ చిలుకుతోంది. లోపల రికార్డు దానంతటది తిరుగుతోంది. బూరా పైకి వెళ్లి ఆగింది. ఇంట్లోంచి "ఓర్నాయనో!" అని వినబడింది.

నేను చేతిలో గిన్నె వదిలేశాను.

"బాబాయిగారూ, లోపల చుట్టాలెవరన్నా ఉన్నారాండి?"

"లేరే. ఎందుకమ్మా?"

"ఇప్పుడే ఎవరో ఓర్నాయనో అన్నారండి."

ఆయన చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీళ్లన్నీ ధారగా కారిపోయాయి.

"నీకు వినబడిందా?"

"రోజూ వినబడుతోందండి. మీరే అంటున్నారనుకున్నాను."

ఆయన బావి గట్టు మీద కూర్చున్నాడు. "మా అక్కకి చెవులు పనిచెయ్యవ్. ఈ ఊళ్లో ఎవరికి పెట్టినా, ఆ పీపీ గోలేంటి ఆపెయ్యి అనేవాళ్లే. నా చెవులకే వినబడతందేమో, నాకు పిచ్చెక్కిందేమో అని ఒక్కోసారి భయం వేసేది" అన్నాడు.

"ఏంట్రా? ఏమంటంది పిల్ల?" అని అత్తయ్యగారు అరిచింది.

"వాడి మాట వినబడిందంట అక్కా."

ఆవిడ చిలకటం ఆపి నన్ను కొత్తగా చూసింది. "లోపలికి రామ్మా. అక్కడ నిలబడతావేంటి?" అంది.

ఆ రోజు మొదటిసారి వాళ్ల గదిలో కూర్చున్నాను. రికార్డు ప్లేయరు చిన్న సూట్‌కేసులా ఉంది, మూత తీస్తే మూతలోనే స్పీకరు. రికార్డు అట్ట మీద ఒక నల్లటి మనిషి ఫొటో. కళ్లు మూసుకుని, చెమటలు కారుతూ, బూరా పెదవులకి ఆనించుకుని ఉన్నాడు. ఆయన అమెరికా వాడనీ, పెద్ద పేరున్నవాడనీ, అప్పుడు యూరప్ అంతా తిరుగుతూ కచేరీలు చేశాడనీ బాబాయిగారు చెప్పాడు.

"మా ఓడ హాంబర్గులో ఆగిపోయింది. ఇంజను రిపేరు. నేనూ, మావాడూ. మావాడంటే మా వీధివాడేనమ్మా. ఇద్దరం ఒక్క రోజే ఓడెక్కాం. చలి అంటే నీకెట్టా చెప్పను, ఊపిరి బయటికొస్తే గడ్డ కడతదేమో అన్నట్టుండేది. అక్కడ ఓడవాళ్లకని ఒక క్లబ్బు ఉండేది, టీ ఇస్తారు, కూర్చోనిస్తారు. అక్కడ ఎవరో రెండు టిక్కెట్లు ఊరకనే ఇచ్చారు. పాటా తెలవదు, భాషా రాదు, ఎందుకు పోయామో తెలుసా? లోపల వెచ్చగా ఉంటదని."

హాలు నిండిపోయిందట. ఊరకే ఇచ్చిన టిక్కెట్లు కాబట్టి వీళ్లని స్టేజీ మీదే ఒక పక్కన వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. బూరా ఆయన నాలుగు బారల దూరంలో ఉన్నాడు. ఎదురుగా అంతా తెల్లవాళ్లు, మంచి మంచి కోట్లు వేసుకుని.

"ఆయన రాగానే అందరూ లేచి నుంచుని చప్పట్లు కొట్టారు. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏంట్రా అంటే, 'మన రంగేరా' అన్నాడు. అప్పటిదాకా మేం ఏ రేవులో దిగినా మా రంగువాడు బరువులు మోస్తానే కనపడ్డాడు. ఆ తర్వాత ఆయన ఊదాడు. మావాడు మా ఊళ్లో నీళ్లలో మునిగితే పైన ఉన్నవాళ్లకి భయమేసేదాకా తేలేవాడు కాదు. ఊపిరి సంగతి వాడికి తెలుసు. ఆయన ఆ ఒక్క స్వరం మీద అట్టా నిలబడేసరికి వీడు ఉండబట్టలేక అరిచేశాడు. జనం నవ్వారు. ఆయన ఊదటం ఆపకుండానే మా వైపు తిరిగి కన్ను కొట్టాడు."

ఆ మరుసటి ఏడాది ఆ స్నేహితుడికి నడిసముద్రంలో జ్వరం వచ్చి పోయాడట. ఓడ మీంచే నీళ్లలోకి వదిలారు. ఇంకా కొన్నాళ్లకి బాబాయిగారు వేరే ఓడలో వేరే రేవుకి వెళ్లి, బజార్లో నడుస్తుంటే ఒక షాపు అద్దంలో ఈ అట్ట కనిపించింది. ఆ మొహం గుర్తుపట్టి లోపలికి వెళ్లి చేతులతో సైగ చేస్తే, షాపామె ఒక చిన్న గదిలో నిలబెట్టి చెవులకి ఏవో తగిలించి రికార్డు పెట్టింది.

"అది ఆ రాత్రి కచేరీయే అని నాకు తెలవదు. వింటా ఉన్నా. ఉన్నట్టుండి నా చెవిలో వాడు అరిచాడు. వాడు చచ్చిపోయాడు కదమ్మా. నా చెవిలో, ఇక్కడ, ఇంత దగ్గరగా. నేనక్కడే కూలబడ్డా. ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చిచ్చింది."

అట్ట వెనక సన్నటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఆయనకి చదవటం రాదు. నేను చదివి చెప్పాను. ఆ బూరా ఆయన ఆ పర్యటనలో దాదాపు రోజుకొక ఊళ్లో వాయించాడనీ, రైల్లోనో బస్సులోనో నిద్రపోయేవాడనీ రాశారు. కచేరీ ఎలా జరిగిందో ఏమీ కొయ్యకుండా అలాగే రికార్డు చేశామని రాశారు.

"కొయ్యలేదంటనా?" అన్నాడు బాబాయిగారు. ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివాను. చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

ఆనాటి నుంచి సాయంత్రాలు నేనూ వాళ్ల గదిలోనే వినేదాన్ని. అత్తయ్యగారు నాకొక పీట వేసేది. ఎప్పుడన్నా చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చి, "తింటావా, మీ ఇళ్లల్లో ఊరుకుంటారా?" అని అడిగేది. ఊరుకోవటానికీ, ఊరుకోకపోవటానికీ నాకెవరున్నారని తినేశాను. ఆ ఏడాది అంత మంచి రోజులు నాకు ఇంకెప్పుడూ లేవు.

ఆ స్నేహితుడికి భార్య ఉంది. పిల్లలు లేరు. అతను పోయాక ఆమె బాపట్ల దగ్గర సూర్యలంకలో పుట్టింటికి వెళ్లిపోయింది. బాబాయిగారు సెలవు మీద వచ్చినప్పుడు అతని ట్రంకు పెట్టె తీసుకెళ్లి ఇచ్చాడు. ఆమె బయటికి రాలేదు, తల్లి వచ్చి తీసుకుంది. ఆ తర్వాత ఈయన మళ్లీ వెళ్లలేదు.

"ఆవిడకి ఇది వినిపించారా?" అని నేనడిగాను.

"ఎట్టా వినిపిస్తా? వాళ్ల పాలెంలో కరెంటు లేదు."

"ఇక్కడికి పిలవొచ్చుగా?"

ఆయన లేచి రికార్డు అట్టలో పెట్టేశాడు. కొన్ని రోజులకి, "నువ్వు బాపట్ల దానివేగా. ఎప్పుడన్నా పోతే..." అని అక్కడికి ఆపేశాడు.

దసరా సెలవులకి తెనాలి వెళ్లి, అక్కణ్నుంచి ఒకరోజు బాపట్ల వెళ్లాను. ముందు మా పాత ఇంటి వైపు వెళ్లాను, ఎందుకో తెలియదు. మా దండెం మీద ఎవరివో చీరలు ఆరుతున్నాయి. గుమ్మంలో కూర్చున్న ముసలాయన, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. ఎవరూ వద్దని చెప్పి మార్కెట్టుకి వెళ్లాను. ఆమె రోజూ ఎండుచేపల తట్టతో బాపట్ల మార్కెట్టుకే వస్తుందని అక్కడి ఆడవాళ్లు చూపించారు.

నలభై దాటి ఉంటాయి. దిట్టంగా ఉంది. గోనెపట్టా మీద చేపలు కుప్పలు పోసి, కొమ్మతో ఈగలు తోలుతోంది. నేను ముందు కూర్చుని మెల్లిగా చెప్పాను. మీ ఆయనతో ఓడలో పనిచేసినాయన ఇంట్లో అద్దెకుంటున్నాను, ఆయన దగ్గర ఒక రికార్డుంది, అందులో మీ ఆయన మాట ఉంది అన్నాను.

"మాటేంటి?"

"ఒక కచేరీలో అరిచారండి. అది రికార్డులో పడింది."

"పెట్టె తెచ్చిచ్చాడు, ఆయనేనా?"

"ఆయనేనండి."

ఆమె ఈగలు తోలుతూనే ఉంది. "మనిషి పోయి ఎన్నేళ్లయింది! ఇప్పుడు మాటొచ్చిందా?" అంది. తర్వాత, "చేపలు కావాలా అమ్మా? వద్దా? అయితే పక్కకి జరుగు, బేరం పోతంది" అంది.

వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. బాబాయిగారు తలూపాడు.

చలి వెనకపట్టాక ఒక ఆదివారం నేను తెనాలి వెళ్లలేదు. మధ్యాహ్నం అన్నం తింటుంటే గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. నెత్తిన చిన్న తట్ట. పిట్టలవానిపాలెం, చందోలు మీదుగా వచ్చే బస్సులో ఒక్కతే వచ్చింది. తట్ట దింపి అత్తయ్యగారి ముందు పెట్టి, "మంచి చేపలు వదినా, ఇసక లేదు" అంది. బాబాయిగారి మొహంలోకి చూడలేదు.

ఆయన రికార్డు తీసి ప్లేయరు మీద పెట్టాడు. సూది రికార్డు మీద పెట్టలేకపోతుంటే నేను పెట్టాను. నలుగురం కింద కూర్చున్నాం. ఆమె మోకాళ్లు దగ్గరికి లాక్కుని, ఆ పెట్టె వైపే చూస్తోంది. పరాయి భాష మాటలు, చప్పట్లు, తీగల వాద్యం, బూరా. పాట జరుగుతోంది. బూరా పైకి వెళ్లింది. నిలబడింది.

"ఓర్నాయనో!"

బాబాయిగారు సూది ఎత్తేసి, "విన్నావా చెల్లెమ్మా?" అన్నాడు.

"ఇంకోసారి పెట్టన్నా."

ఇంకోసారి పెట్టాను. ఆమె చివరిదాకా విని, ఆ జనం నవ్వు కూడా అయ్యాక, "ఇది ఆయనేనా?" అంది.

"నువ్వు గుర్తుపట్టలా?" అన్నాడాయన.

"ఎట్టా గుర్తుపడతా అన్నా? ఆయన నా దగ్గర ఉందెన్నాళ్లు? వచ్చినప్పుడల్లా కొత్త మనిషిలాగుండేవాడు. అలవాటయ్యేలోపు పెట్టె సర్దుకునేవాడు. తిన్నావా అంటే ఊ, నిద్రొస్తందా అంటే ఊ. నాకు తెలిసింది ఆ ఊ ఒక్కటే." ఆగి చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎంత సంబరంగా అరిచాడో చూడు. ఆయనకి ఇట్టా అరవటం వచ్చని నాకు తెలవనే తెలవదు."

బాబాయిగారు తన దగ్గరున్న అన్నిటికంటే గొప్పది ఆమె ముందు పెట్టానని అనుకున్నాడు. అది ఆమెని నొప్పించింది. అత్తయ్యగారు ఏమీ వినబడకపోయినా అంతా తెలిసినట్టు లేచి, "ముందు అన్నం తిను" అని ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

తిని వచ్చాక ఆమె రికార్డు అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈ ఊదేటాయనకి పెళ్లాం ఉందా?"

"ఉండే ఉంటది" అన్నాడు బాబాయిగారు.

"ఎక్కడుంటది?"

"అమెరికాలో, ఇంటికాడ."

"ఉంటది పాపం" అంది. అట్ట నెమ్మదిగా కింద పెట్టింది.

బస్సు వేళయింది. బాబాయిగారు రికార్డు తీసుకెళ్లమన్నాడు. "పెట్టె లేకుండా నేనేం చేసుకుంటా అన్నా? మీ కాడే ఉంచండి" అని వెళ్లిపోయింది. ఇక రాదనే అనుకున్నాం.

వచ్చింది. వేసవిలో చేపల వేట తగ్గిన రోజుల్లో వచ్చింది. ఆ తర్వాత వానల్లో వచ్చింది. నెలకోసారి అన్నట్టు వస్తూనే ఉంది. ఆమె వచ్చినప్పుడు బాబాయిగారు ఆ పాటతో ఆపేవాడు కాదు. రికార్డు అయిపోయాక కూడా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. ఆమె అడిగేది, ఆయన చెప్పేవాడు. ఓడలో ఏం తినేవాళ్లు, ఎక్కడ పడుకునేవాళ్లు, తన సంగతి ఎప్పుడన్నా ఎత్తేవాడా అని. ఆయన గుర్తు చేసుకుని చెప్పేవాడు. ఒకసారి ఏదో రేవులో ఆమెకని గాజులు కొని, అవి పగిలిపోతే రోజంతా అన్నం తినలేదట. "నాకు చెప్పలేదే!" అని ఆమె అన్న మాట గోడ మీంచి నాకు వినబడింది.

గోడ మీంచి అంటున్నాను. ఎందుకంటే అప్పటికి నేను మళ్లీ నా గదిలోనే ఉండేదాన్ని. నన్నెవరూ రావద్దనలేదు. అత్తయ్యగారు ఇంకా పీట వేసేది. కానీ ఒకసారి నేను వెళ్లి కూర్చుంటే వాళ్ల మాట ఆగింది. ఆమె నా వైపు తిరిగి, "స్కూలెట్టా ఉందమ్మా?" అని మర్యాదగా అడిగింది. బాగుందండి అన్నాను. మళ్లీ ముగ్గురం ఊరుకున్నాం. వాళ్లు మాట్లాడుకునేది ఒక మనిషి గురించి. ఆ మనిషిని నేను చూడలేదు. నాకు తెలిసింది అతని ఒక్క మాట. కాగితాలు దిద్దాలని చెప్పి లేచి వచ్చేశాను. వాళ్లని కలిపింది నేనే. సంతోషంగానే ఉండాలి, ఉన్నాను కూడా. అయినా గోడకి ఇవతల కూర్చుని, అవతల మాటలు గుసగుసగా సాగుతుంటే, తెనాలి ఇంట్లో చాప వేసుకునే చోటు వెతుక్కున్నప్పటి కంటే ఎక్కువ దిగులేసేది.

డెబ్భైల మొదట్లో నన్ను తెనాలి మార్చారు. వెళ్లే రోజు బాబాయిగారు స్టేషనుకి వచ్చి, సామాను ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. "నీ వల్లేనమ్మా" అన్నాడు. ఏది నా వల్లో చెప్పలేదు. అప్పుడప్పుడు వస్తానన్నాను. అన్నయ్య ఇంటికి వెళ్లలేదు, విడిగా గది తీసుకున్నాను. వదిన మాటవరసకి నొచ్చుకుంది. స్కూలు, ట్యూషన్లు, పరీక్షలు. రెండు మూడు సార్లు రేపల్లె వెళ్లాను. తర్వాత వెళ్లటం పడలేదు.

డెబ్భై ఏడు కార్తీకంలో ఆ పెద్ద ఉప్పెన వచ్చింది. సూర్యలంక వైపు పాకలు కొట్టుకుపోయాయని విని బాపట్ల వెళ్లాను. ఒక బడిలో జనాన్ని ఉంచారు. అక్కడ ఆమె కనబడలేదు. అడిగితే, "రేపల్లె నుంచి ఒకాయన వచ్చి తీసకపొయ్యాడమ్మా. రోడ్లు తెగిపోయినా నడిచొచ్చాడు" అని చెప్పారు. అప్పటికే బాబాయిగారికి అరవై దాటాయి. నేను ఆ బడి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎవరి కోసమో నాకే తెలియలేదు. చుట్టూ ఏడ్చేవాళ్లే కాబట్టి నన్నెవరూ అడగలేదు.

తర్వాత ఏడాది తిరిగాక బాబాయిగారు పోయాడని తెలిసింది. రేపల్లె నుంచి బదిలీ మీద వచ్చిన ఒక టీచరు మాటల్లో చెప్పింది. అప్పటికే కర్మ కూడా అయిపోయింది. ఆదివారం రైలెక్కాను.

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు. అత్తయ్యగారు బాగా వంగిపోయింది. సూర్యలంక ఆమె చేపలు బాగు చేస్తోంది. నన్ను చూడగానే చేతులు కడుక్కుని వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని ఆయన ఎట్లా పోయిందీ చెప్పింది. పొద్దున కాఫీ తాగి పడుకున్నాడట, లేవలేదట. మేం ఇద్దరం పక్కనే ఉన్నాం, బాధపడలేదు అంది. ఇప్పుడు అత్తయ్యగారికి ఏం కావాలన్నా ఆమే. ఊళ్లో ఎవరన్నా ఏమన్నా అంటారా అని నేను అడక్కుండానే అత్తయ్యగారు గట్టిగా చెప్పింది. "నా తమ్ముడికి చెల్లెలంటే నాకూ చెల్లెలే. ఎవడంటాడు?"

ఆ రోజు ఊళ్లో కరెంటు లేదు. రికార్డు ప్లేయరు గూట్లో ఉంది, పైన ఉతికిన గుడ్డ కప్పి. ఆ గుడ్డ వైపు ఒకటి రెండు సార్లు చూశాను గానీ నేనూ అడగలేదు, వాళ్లూ అనలేదు. అన్నం పెట్టారు. ఉండిపొమ్మన్నారు. రేపు స్కూలుందన్నాను.

స్టేషను దాకా ఆమె నా సంచి పట్టుకుని వచ్చింది. నేను వద్దంటున్నా వినలేదు. రైలు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం.

"పంతులమ్మా, తెనాల్లో నీ కాడ ఎవరుంటారు?"

"ఒక్కదాన్నేనండి."

"వండుకుంటావా?"

"వండుకుంటానండి."

"ఒక్కదానికి వండుకుంటే కూర మిగిలిపోద్ది. నాకు తెలుసు" అంది. ఇంకేదో అడగబోయి మానేసింది. రైలొచ్చింది. నన్ను ఎక్కించి, సంచి అందించి, రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. "ఇంటికాడ వదినొక్కతే ఉంది" అని, రైలు కదలగానే గబగబా వెనక్కి తిరిగి నడిచింది.

జంపని స్టేషను దాటేసరికి చీకటి పడింది. తెనాలిలో దిగి గదికి నడిచాను. సంచి విప్పితే పైన కాగితంలో చుట్టి ఎండుచేపలున్నాయి. పొయ్యి వెలిగించి, అవి వేయించుకుని, కింద కూర్చుని తిన్నాను.